మార్పులు చేసిన పాత 372 రంపమా, కొత్త 462నా?

ప్రశ్న: జామాయిల్ తోటలు నరకడానికి నా వద్ద హస్క్‌వార్నా కంపెనీ 372 ఎక్స్‌పీ అనే పెట్రోలు గొలుసు రంపం (చైన్‌సా) ఉంది. సైలెన్సర్ రంధ్రాన్ని వెడల్పు చేయించి, సిలిండర్ పోర్టులను (మిశ్రమం, పొగ వచ్చిపోయే రంధ్రాలను) అరగదీయించి వాడుకోవడం మేలా, లేక స్టీల్ (Stihl) కంపెనీ ఎంఎస్ 462 కొనడం మేలా? అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1: 372 ఇంజను 70.7 సీసీతో సుమారు 3.9 కిలోవాట్ల శక్తినిస్తే, 462 ఇంజను 72.2 సీసీతో 4.4 కిలోవాట్లు ఇస్తుంది. చేయి తిరిగిన మెకానిక్ ఈ తేడాను చాలావరకు పూడ్చగలడు. అయితే సైలెన్సర్ తెరిచాక కార్బ్యురేటర్‌లోని హెచ్ స్క్రూను (అధిక వేగంలో పెట్రోలు మోతాదును సరిచేసేది) కొద్దిగా వదులు చేసి పెట్రోలు పెంచకపోతే, ఇంజను వేడెక్కి, పిస్టన్‌పై ఎగ్జాస్ట్ వైపున నిలువు గీతలు పడతాయి. శబ్దం సంగతి చెప్పనక్కరలేదు.

జవాబు 2: శక్తి ఒక్కటే చూడకండి. 462 లాంటి కొత్త ఇంజన్లలో పెట్రోలు మిశ్రమానికి ముందుగా వట్టి గాలి సిలిండర్‌లోకి చేరి పొగను బయటికి నెడుతుంది కాబట్టి, కాలని పెట్రోలు వృథాగా పోవడం తగ్గుతుంది. రోజంతా కోసేవారికి ఆ ఆదా చిన్నదేమీ కాదు.

జవాబు 3: నా మొగ్గు పాతదానికే. దాని సర్దుబాటుకు స్క్రూడ్రైవరు చాలు. పెట్రోలు మోతాదును ఎలక్ట్రానిక్ పద్ధతిలో తానే సరిచేసుకునే 462 ఎం-ట్రానిక్ రకం మొరాయిస్తే కంప్యూటరున్న డీలరును వెతుక్కోవాలి. పోర్టుల జోలికి మాత్రం పోకండి, అరగదీసిన లోహం తిరిగి రాదు. అన్నిటికన్నా ముందు కోతలో రాలేది చూడండి: పెచ్చులకు బదులు పొడి రాలుతుంటే లోపం గొలుసు పదునులోనే ఉంటుంది.