కాకతీయుల ఆడపడుచులు ఏ ఏ ఇళ్ళకి వెళ్ళారు? నతవాడి, కోట వంశాల చార్ట్ దగ్గర ఆగిపోయా

మధిర_కుర్రాడు
అందరికీ నమస్కారం. కాకతీయులతో వియ్యమందిన సామంత వంశాలన్నీ ఒక చార్ట్ మీదకి తెద్దామని కూర్చున్నా, ముఖ్యంగా నతవాడి వాళ్ళ గురించి, మా నందిగామ మధిర వైపు వాళ్ళే కదా. కానీ పేర్లు బుర్ర తినేస్తున్నాయి. మహాదేవుడు అని ఒక చోట గణపతిదేవుడి తండ్రి, ఇంకో చోట ప్రతాపరుద్రుడి తండ్రి, మళ్ళీ రుద్రమదేవి మీదకి దండెత్తి వచ్చినాయన కూడా మహాదేవుడే అంటున్నారు, వీళ్ళంతా ఎవరు? రుద్రుడు అంటే కాకతి రుద్రుడా నతవాడి రుద్రుడా? ఇంకోటి, గణపతిదేవుడి అక్కచెల్లెళ్ళు ఇద్దరినీ ఒకే ఇంటికి ఇచ్చారని చదివా, నిజమేనా? తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్పండి ప్లీజ్.

శాసనాల_పిచ్చి
బ్రదర్, ముందు మహాదేవుళ్ళని విడదీద్దాం. ఒకటో ఆయన రెండో ప్రోలుడి కొడుకు, కాకతి రుద్రదేవుడి తమ్ముడు, దేవగిరి యాదవుల మీద యుద్ధానికి పోయి చనిపోయాడు, ఆయన కొడుకే గణపతిదేవుడు. రెండో ఆయన రుద్రమదేవి పెద్దల్లుడు, అంటే ముమ్మడమ్మ భర్త, వీళ్ళ కొడుకు ప్రతాపరుద్రుడు. మూడో ఆయన అసలు మనవాడే కాదు, దేవగిరి యాదవ రాజు, 1260ల్లో రుద్రమ మీదకి వచ్చింది ఈయనే. చార్ట్‌లో పేరు పక్కన ఇంటి పేరు గానీ ఊరు గానీ రాయకపోతే ఎవరికైనా ఈ తిప్పలు తప్పవు.

నతవాడి విషయం నిజమే. మైలాంబ, కుందాంబ ఇద్దరూ గణపతిదేవుడి తోబుట్టువులు, ఇద్దరినీ నతవాడి రుద్రుడికే ఇచ్చారు. కాకతి రుద్రదేవుడు వీళ్ళకి పెదనాన్న, కాబట్టి పెదనాన్న పేరూ మొగుడి పేరూ ఒకటే, అక్కడే అందరూ తప్పటడుగు వేసేది.

బయ్యారం_చెరువు
మైలాంబ పేరు వచ్చింది కాబట్టి నేను ఆగలేను 🙏 మాది ఇప్పటి మహబూబాబాద్ జిల్లా. మా బయ్యారం చెరువు తవ్వించింది ఆవిడే, దానికి ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టింది. వాళ్ళమ్మ బయ్యమాంబ పేరు మీదే ఊరు అంటారు. అసలు సంగతి ఏంటంటే చెరువు దగ్గర వేయించిన శాసనంలో ఆవిడ పుట్టింటి వంశం మొత్తం రాయించింది, వెన్నడి దగ్గర మొదలుపెట్టి, ఆయన కాకతిలో ఉండి ఏలాడు కాబట్టి తర్వాతి వాళ్ళకి ఆ పేరొచ్చిందని చెప్పి, తర్వాత వరసగా ముగ్గురు గుండరాజులు, ఆ ముగ్గుర్నీ ముగ్గురు రాములతో పోల్చి, ఎర్రరాజు, పిండిగుండడు, అక్కణ్ణించి బేతరాజులు ప్రోలరాజులు అలా అలా అన్నగారి దాకా. ఓరుగల్లు కోటలో కూర్చున్న రాజులు ఇంత పాత తరాల దాకా వెళ్ళలేదండీ, పెళ్ళై వేరే ఇంటికి వెళ్ళిన ఆడపిల్ల చెప్తేనే మనకి ఆ మొదటి పేర్లు వరసగా తెలిశాయి. చార్ట్ గీసేవాళ్ళు ఆవిణ్ణి "రుద్రుడి భార్య" అని ఒక మూల చిన్న అక్షరాల్లో వేసేస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

శాసనాల_పిచ్చి
బాగా చెప్పారండీ. దానికి ఇంకో లింకు ఉంది. 956 నాటి మాంగల్లు తామ్ర శాసనం, వేంగి చాళుక్య దానార్ణవుడిది, అందులో కాకర్త్య గుండ్యన అడిగాడని నతవాడి విషయంలోని (అప్పట్లో విషయం అంటే సీమ) మాంగల్లు గ్రామం దానం ఇచ్చారు. అందులో గుండియ, ఎరియ, బేతియ, గుండ్యన అని వరస ఉంది. బయ్యారం వరసలో మధ్యలో బేతియ లేడు గానీ మిగతా పేర్లు అదే క్రమంలో కుదిరిపోతున్నాయి, రెండిటికీ మధ్య రెండు వందల ఏళ్ళ పైమాటే తేడా ఉన్నా! అంటే మైలాంబ పుట్టింట్లో పెద్దలు తరాల లెక్క జాగ్రత్తగానే చెప్పుకుంటూ వచ్చారన్నమాట.

గుంటూరు_అమ్మాయి
కోట వంశం ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. వీళ్ళు ధరణికోట వాళ్ళు, మన అమరావతి పక్కనే. 1182లో కోట కేతరాజు అమరేశ్వరుడితో పాటు అక్కడి బుద్ధుడికి కూడా దీపాలకి దానం ఇచ్చాడు, అలాంటి ఇల్లు అది. ఆ ఇంటి బేతరాజుకి గణపతిదేవుడు తన కూతురు గణపాంబని ఇచ్చాడు. (ఈ బేతడు కూడా కాకతి బేతరాజులు కాదు, మళ్ళీ కలిపేయకండి.) భర్త పోయాక గణపాంబే ఆ సీమ చూసుకుంది. భర్త పేరున ధరణికోటలో బేతేశ్వరాలయం, తండ్రి పేరున యనమదలలో గణపేశ్వరం కట్టించింది. 1250 నాటి యనమదల శాసనంలో మెట్టినింటి వంశమూ ఉంది, పుట్టింటి వంశమూ ఉంది. మైలాంబ మేనత్త కదా ఈవిడకి, మేనత్త చేసిన పనే మేనకోడలూ చేసింది.

ఇక రాజుగారి ఇంటికి వచ్చిన కోడళ్ళ సంగతి, దివిసీమ అయ్య వంశం పిన చోడి కూతుళ్ళు నారాంబ, పేరాంబ ఇద్దర్నీ గణపతిదేవుడు చేసుకున్నాడు. వాళ్ళ తమ్ముడే జాయప, గజసాహిణి అంటే ఏనుగుల దళానికి అధిపతి, నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాసినాయన. ఈ ఇల్లు అంతకుముందు వెలనాటి చోడుల కొలువులో ఉండేది, గణపతిదేవుడు దివి గెలిచాక వాళ్ళని తరిమేయలేదు, పిల్లనిచ్చిపుచ్చుకుని సేనాపతిని తెచ్చుకున్నాడు. కత్తితో గెలిచిన సీమ కత్తితోనే నిలవదని ఆయనకి తెలుసు, నా మటుకు ఆయన గొప్పతనం ఇక్కడే కనపడుతుంది.

మధిర_కుర్రాడు
అబ్బా ఎంత విషయం! థాంక్యూ అందరికీ. అయితే రుద్రమదేవి వైపు ఎలా వేయాలి? కొన్ని పాత రాతల్లో ఆవిడ గణపతిదేవుడి భార్య అని కూడా ఉంది కదా?

శాసనాల_పిచ్చి
కూతురే, అనుమానం పెట్టుకోకండి. మార్కోపోలో రాజుగారి వితంతువు పాలిస్తోందని రాసుకున్నాడు, ఆ గందరగోళం అలా నడిచింది. ఆవిడ భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. ముమ్మడమ్మ కాక రుద్రమ అని ఇంకో కూతుర్ని యాదవ రాకుమారుడు ఎల్లణదేవుడికి ఇచ్చారు, రుయ్యమ్మని ఇందులూరి అన్నయ మంత్రికి ఇచ్చారు. కొడుకులు లేరు కాబట్టి ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుంది. మీరు రెండు గీతలు వేయాలి, రక్తసంబంధానికి మామూలు గీత, అమ్మమ్మ నుంచి మనవడికి దత్తతకి చుక్కల గీత. రుద్రమదేవి పక్కన చనిపోయిన ఏడాది 1289 అని రాయండి, చందుపట్ల శాసనాన్ని బట్టి.

బయ్యారం_చెరువు
చుక్కల గీత ఇంకోటి కూడా వేయండి. గూడూరు శాసనంలో విరియాల అనే సామంత వంశపు ఎర్రడి భార్య కామవసాని ఉంది, చిన్నపిల్లాడైన గరుడ బేతణ్ణి (కాకతి మొదటి బేతరాజు) తీసుకెళ్ళి చక్రవర్తికి చూపించి కాకతి వంశాన్ని నిలబెట్టింది అని. ఆవిడ ఆ పిల్లాడికి మేనత్త అని చరిత్రకారుల ఊహ, శాసనం నేరుగా చెప్పలేదు, అందుకే చుక్కలు చాలు. చార్ట్ అయ్యాక ఇక్కడ పెట్టండి, విరియాల వాళ్ళ కొమ్మ నేను పూర్తి చేసి ఇస్తా.