క్రిస్మస్‌కి కరేబియన్‌లో పడవ అద్దెకి తీసుకోవచ్చా?

ప్రశ్న: డిసెంబర్ సెలవుల్లో బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో వారం రోజులు కెప్టెన్‌తో సహా కటమరాన్ (జంట అడుగుల తెరచాప పడవ) తీసుకుందామనుకుంటున్నాం. అమ్మానాన్నలు కూడా వస్తున్నారు, అదే టెన్షన్. ఎవరైనా వెళ్లొచ్చారా?

జవాబు: మేం పోయినేడాది వెళ్లాం. పెట్టిన డబ్బుకి తగ్గట్టు లేదు, నాకు ఇంకా బాధే, కానీ ఇంట్లో ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాం. ఆ రోజుల్లో తూర్పు గాలులు జోరుగా వీస్తాయి, వాటిని క్రిస్మస్ విండ్స్ అనే అంటారట, ఆ సంగతి మాకు అక్కడి టోర్టోలా ద్వీపంలో పడవెక్కాకే తెలిసింది. వర్జిన్ గోర్డా ద్వీపంలో ద బాత్స్ అని పెద్ద పెద్ద బండరాళ్ల మధ్య నీటి మడుగులుంటాయి, వాటికోసమే అంతదూరం వెళ్తే తీరా ఎర్రజెండా, ఈతకి దిగొద్దని. పండగ రాత్రి పులిహోర కలుపుతుంటే పడవ ఒరిగి గిన్నె జారి మామయ్యగారి ఒళ్లో పడింది. ఆయన కదలకుండా కూర్చుని, ఒక మెతుకు నోట్లో వేసుకుని, "ఉప్పు సరిపోయిందమ్మా, ఇక అప్పడాలు పంపు" అన్నారు.

జవాబు: పెద్దవాళ్లుంటే అనెగాడా ద్వీపం వద్దండీ. చుట్టూ పగడపు దిబ్బలు, దారంతా గాలికి అడ్డులేని సముద్రం. నార్మన్ ఐలాండ్‌లో ద బైట్ అనే చిన్న అఖాతంలో గాలి తాకిడి తక్కువ, రాత్రికి అక్కడ ఆగండి. పండగ రద్దీలో పడవ కట్టుకునే బోయాలు త్వరగా నిండిపోతాయి, మధ్యాహ్నానికల్లా చేరుకోండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. నాన్నగారికి చదివి వినిపించా, ఏప్రిల్‌కి మార్చమన్నారు. పులిహోర మాత్రం ఉండాల్సిందేనట.