పంపాంగాలో పరుల్ అనే క్రిస్మస్ దీపం వెలిగితే చాలా, పలుకూ నిలవాలా?

చర్చ ప్రారంభించినవారు:
ఫిలిప్పీన్స్‌లోని పంపాంగా ప్రాంతంలో ఉన్న ఏంజెలెస్ నగరంలో వైద్యవిద్య చదివిన రోజుల్లో నేను అద్దెకున్న ఇంటి అవ్వగారు తన అక్కతో అక్కడి సొంత భాష కపంపాంగన్‌లో మాట్లాడుతూనే, మనవడి వైపు తిరిగి దేశమంతా వాడే టాగలాగ్‌లో అన్నానికి పిలిచేవారు. క్రిస్మస్‌కు ముందు, డిసెంబరు 16 నుంచి తొమ్మిది రోజులు చర్చిలో జరిగే వేకువజాము పూజలను ఆమె 'సింబాంగ్ బెంగి' అనేవారు. 'బెంగి' అంటే రాత్రి అని ఆ పిల్లవాడికి తెలియదు. 2012లో బడుల్లో బోధనాభాషగా ప్రవేశించిన మాతృభాషల్లో కపంపాంగన్ ఒకటి. 2024 అక్టోబరులో వచ్చిన 12027వ చట్టం ఆ తప్పనిసరి నియమాన్ని తొలగించింది. ఇది తప్పని నా అభిప్రాయం. మీరేమంటారు?

రెండవ సభ్యుడు:
అయ్యా, మీ బాధ అర్థమైంది కాని, క్రిస్మస్ పండుగ బడిమీద ఆధారపడి బతకలేదు. 'పరుల్' అన్న మాటే స్పానిష్ 'ఫరోల్' నుంచి వచ్చింది; దీపాలు పట్టుకొని ఊరేగే 'లుబెనాస్' పేరూ తొమ్మిది రోజుల ప్రార్థన అనే అర్థమున్న 'నొవేనా' నుంచి పుట్టినదే. పినతూబో అగ్నిపర్వతపు బురద 1995లో బాకొలోర్ పట్టణాన్ని ముంచి, అక్కడి చర్చిని సగం ఎత్తువరకు పూడ్చేసినా పంపాంగాలో క్రిస్మస్ ఆగలేదు. పైగా వలస కుటుంబాల పిల్లలు కూర్చున్న తరగతిలో కపంపాంగన్‌లో పాఠం చెప్పడం వారికి అన్యాయం కాదా?

చర్చ ప్రారంభించినవారు:
వలస పిల్లల విషయంలో మీ మాట న్యాయమైనదే. కాని అరువు మాటల ఉదాహరణ నా వాదననే బలపరుస్తుంది: 'ఫరోల్'ను తీసుకొని 'పరుల్'గా తన నోటికి అనువుగా మలచుకోగలిగిందంటే ఆ భాషకు అప్పుడు జీవం ఉందన్నమాట. శాన్ ఫెర్నాండోలో సుమారు 20 అడుగుల పరుల్ వెనుక నిలబడి చూశాను. తిరిగే ఉక్కు పీపా మీద టేపు ముక్కలు అంటించి ఉంటాయి, దానికి వరుసగా తలపిన్నులు ఆని ఉంటాయి. పిన్ను కింద టేపు వచ్చినప్పుడు దానికి కలిపిన బల్బులు ఆరిపోతాయి, లోహం తగిలితే వెలుగుతాయి. ఏ ముక్క ఎక్కడ అంటించాలో పెద్దాయన కుర్రవాడికి కపంపాంగన్‌లోనే చెబుతున్నాడు. ఆ విద్య ఏ పుస్తకం చూసీ రాదు, ఆ మాటల వెంటే వస్తుంది.

అందరూ ఒకే భాష మాట్లాడే తరగతుల్లో మాతృభాషా బోధనకు కొత్త చట్టం కూడా వీలు ఉంచింది. అయితే అధికారిక వర్ణక్రమం, వ్యాకరణ పుస్తకం, బోధించగల ఉపాధ్యాయులు ఉండాలని షరతు పెట్టింది. కపంపాంగన్ రచయితలు స్పానిష్ పద్ధతిలో 'సి', 'క్యూ' అక్షరాలు రాయాలా, 'కె' రాయాలా అని దశాబ్దాలుగా తగాదా పడుతూనే ఉన్నారు. ముందు ఆ తగాదా తెగాలి. ఈలోగా ఆ తొమ్మిది వేకువ పూజల్లో కొన్నయినా కపంపాంగన్‌లో జరపమని చర్చి పెద్దలను అడగడానికి ఏ చట్టమూ అడ్డురాదు.