పేరు లేని పాత మిలిటరీ కత్తి: ఎక్కడిదో గుర్తుపట్టగలరా?

మురళి, చిత్తూరు:
అన్నలూ, మా జేజినాయన ట్రంకు పెట్టెలో ఒక కత్తి దొరికింది. ఆయన సైన్యంలో ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేరి బర్మా యుద్ధానికి వెళ్ళొచ్చారు. 1946లో ఊరికొచ్చి సేద్యంలో పడ్డారు. అందుకే ఇది బర్మా కత్తేనని ఇంట్లో అందరి నమ్మకం. బ్లేడు ఐదంగుళాలు, వీపు మీద రంపం పళ్ళు. తోలు బిళ్ళలు పేర్చి చేసిన పిడి, దాని చివర ఆరు పలకల ఇనుప దిమ్మ. ఒరకి చిన్న జేబు, అందులో సానరాయి. బ్లేడు మీద పేరు, నంబరు ఏమీ లేవు. పాత సామాన్లు కొనే ఒకాయన చూసి, గుర్తు లేకపోతే డూప్లికేటే అన్నాడు. నిజమేనా?

భాను, రేణిగుంట:
ముందు బఫింగ్ కొట్టించు తమ్ముడూ. తుప్పు పోతే అక్షరాలు బయటపడతాయి.

రమణ, లేత్ వర్క్స్, తిరుపతి:
బఫింగ్ మాత్రం వద్దు, దండం పెడతా. బ్లేడు మీద నల్లటి బూడిదరంగు పూత ఉందా చూడు. అది ఫాస్ఫేట్ పూత. ఒకసారి చక్రానికి పెడితే పూతా పోతుంది, లోతు తక్కువున్న అక్షరాలూ పోతాయి.

నువ్వు చెప్పిన వివరాలన్నీ అమెరికా పైలట్ల సర్వైవల్ కత్తికి సరిపోతున్నాయి. విమానం కూలితే అల్యూమినియం రేకు కోసుకుని బయటపడటానికి ఆ రంపం పళ్ళు పెట్టారు. వెనక దిమ్మ సుత్తిలా కొట్టడానికి. గార్డుకి, అంటే బ్లేడుకీ పిడికీ మధ్య ఉండే అడ్డపట్టీకి, రెండు రంధ్రాలుంటే అవి కర్రకి కట్టుకోవడానికి. ఈ డిజైన్ 1950ల చివర్లో వచ్చింది. మొదట ఆరంగుళాల బ్లేడు, 1960ల మొదట్లో ఐదంగుళాలకి తగ్గించారు. కాబట్టి నీది బర్మా యుద్ధం నాటిది అయ్యే వీల్లేదు. ఇంట్లోవాళ్ళకి బాధగా ఉంటుందని తెలుసు, కానీ ఇనుము చెప్పేదే మనం వినాలి.

గుర్తు లేదని డూప్లికేట్ అనేయడం తప్పు. వియత్నాం యుద్ధంలో రహస్య దళాలకిచ్చిన కొన్ని కత్తుల మీద కావాలనే ఏ ముద్రా వేయలేదు. నీ కత్తి ఆ రకం కాదులే. ఈ పైలట్ కత్తుల్లో మొదటివాటికి కంపెనీ పేరు బ్లేడు మొదట్లో, గార్డు పక్కన ఉండేది. తర్వాత పిడి చివర దిమ్మ మీదకి మార్చారు. నువ్వు దిమ్మ చూశావా? పాత టూత్‌బ్రష్‌కి కాస్త కుట్టుమిషన్ నూనె రాసి మెల్లగా తోము. తర్వాత గదిలో లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వెయ్యి. నేరుగా వేస్తే ఏమీ కనపడదు.

మురళి, చిత్తూరు:
రమణన్నా, చూశాను! జిడ్డు కింద అక్షరాలున్నాయి. ‘CAMILLUS’లో చివరి మూడక్షరాలు, N.Y., పక్కన 1967. గార్డుకి రెండు రంధ్రాలూ ఉన్నాయి. మా జేజిని అడిగితే అసలు సంగతి తెలిసింది. ఆ పెట్టెలో సగం సామాను మా చిన్న జేజినాయనదట. ఆయన సరుకు ఓడల్లో పనిచేసేవారు. ఇప్పుడు దీన్ని ఎలా దాచాలి?

రమణ, లేత్ వర్క్స్, తిరుపతి:
కామిల్లస్ అంటే న్యూయార్క్ రాష్ట్రంలో ఒకప్పుడుండిన కంపెనీ, అమెరికా సైన్యానికి ఈ కత్తులు చేసిచ్చినవాళ్ళే. దిమ్మ మీద తయారైన నెల, ఏడాది కొట్టేవాళ్ళు. 67 పక్కన ఇంకో అంకె ఉంటే అది నెల.

ఒరలో పెట్టి మాత్రం దాచకు. తోలు తేమ పీలుస్తుంది, ఆ తేమకి లోపల బ్లేడు తుప్పు పడుతుంది. ఒర వేరుగా, కత్తి వేరుగా నూలుగుడ్డలో చుట్టి పెట్టు. బ్లేడుకి అదే కుట్టుమిషన్ నూనె పల్చగా రాస్తే చాలు. పిడి తోలుకి కొబ్బరినూనె పట్టించకు, మెత్తబడి బిళ్ళలు వదులవుతాయి. నాకు చూపించడానికి తిరుపతి తెస్తే నేరుగా షాపుకే రా. అదే బ్యాగుతో కొండకి పోవాలనుకోకు, అలిపిరి చెకింగ్‌లో ఆపేస్తారు.