సరిహద్దు ఒప్పందం ‘కుదిరింది’ అని ఎప్పుడు రాయాలి?

ప్రశ్న: భారత్–బంగ్లాదేశ్ భూసరిహద్దు ఒప్పందం 1974లో కుదిరిందని ఒకచోట, 2015లో కుదిరిందని ఇంకోచోట చదివాను. ఏది సరి? రాటిఫికేషన్‌కి, అంటే సంతకమైన ఒప్పందానికి కట్టుబడతామని దేశం ఖాయం చేయడానికి, ‘ఆమోదం’ అంటే చాలదా?

జవాబు: కుదిరింది 1974లోనేనండీ. మే 16న ఇందిరా గాంధీ, షేక్ ముజిబుర్ రహమాన్ సంతకాలు చేశారు. అయితే ఇరుపక్షాలూ ధ్రువీకరణ (రాటిఫికేషన్) పత్రాలు మార్చుకున్న రోజు నుంచే అమలని అందులోనే రాసుకున్నారు. బంగ్లాదేశ్ ఆ ఏడాదే ధ్రువీకరించింది, ఆలస్యం మనవైపు జరిగింది. భూభాగాన్ని వేరే దేశానికి ఇవ్వాలంటే రాజ్యాంగాన్ని సవరించాల్సిందేనని పశ్చిమ బెంగాల్‌లోని బేరుబారిలో కొంత పాకిస్తాన్‌కి ఇచ్చే వ్యవహారంలో సుప్రీంకోర్టు 1960లోనే తేల్చింది. ఆ సవరణ, అంటే నూరోది, 2015 మేలో పార్లమెంటు గడప దాటింది. జూన్ 6న ఢాకాలో పత్రాలు మార్చుకున్నారు. జులై 31 అర్ధరాత్రి 111 భారత ఛిట్‌మహళ్లు (చుట్టూ అవతలి దేశం ఉన్న భూభాగాలు) బంగ్లాదేశ్‌లో, 51 బంగ్లాదేశ్‌వి మనలో కలిశాయి.

కాబట్టి 2015కి ‘అమల్లోకి వచ్చింది’ అనండి. ‘ఆమోదం’ పార్లమెంటు బిల్లుకి ఉంచుకుందాం. దేశాల మధ్య తుదిమాటకీ అదే వాడితే ఎవరు, దేన్ని ఆమోదించారో పాఠకుడికి అందదు.

మరొకరు: ధ్రువీకరణ పత్రం అనగానే కులం, ఆదాయం సర్టిఫికెట్టే గుర్తొస్తుంది కదండీ?

జవాబు: నిజమే. అందుకే మొదటిసారి ‘ఒప్పందాన్ని ధ్రువీకరిస్తూ పత్రాలు మార్చుకున్నారు’ అని క్రియగా రాస్తే చిక్కుండదు.

ఇంకొకరు: ‘సరిహద్దు గుర్తింపు’ కూడా సరిచేయాలి. కాగితం మీద, పటం మీద గీత తేల్చడం హద్దు నిర్ణయం. సర్వే చేసి నేల మీద స్తంభాలు పాతడం వేరే పని. రెంటినీ ‘గుర్తింపు’ అనేస్తే త్రిపుర దగ్గరి ముహురీ నది పేచీ అర్థమే కాదు. అక్కడ హద్దు, స్తంభాలు వేసే సమయానికి నది ఉన్న చోట, నడి ప్రవాహం వెంట ఉండాలని, ఆపైన కదలకూడదని 1974 ఒప్పందం చెబుతుంది. నది పక్కకి జరగకుండా ఎవరి ఒడ్డున వాళ్లు కట్టలు పోసుకోవాలనీ ఉంది. స్తంభాలు పడలేదు, నది మాత్రం జరిగిపోయింది. ఏ నాటి ప్రవాహాన్ని లెక్కలోకి తీసుకోవాలన్నదే తగాదా. ఆ ఒప్పందానికి అనుబంధంగా రాసుకున్న 2011 ప్రోటోకాల్ నాటికి హద్దు తేలక మిగిలిన సుమారు 6.1 కి.మీ.లో ఈ ముక్కా ఉంది.