అప్‌డేట్: టాన్సిల్స్ తీయించాక పాప ఏమేమి తినగలిగింది

టాన్సిల్స్ శస్త్రచికిత్స తర్వాత మా తొమ్మిదేళ్ల పాపకు ఐస్‌క్రీమ్ కాక ఇంకేమి పెట్టవచ్చని అడిగినప్పుడు జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. బెంగళూరులో వీధి మలుపులోనే దొరికే కొబ్బరినీళ్లు, చల్లార్చిన రాగిజావ, పులవని పలుచటి మజ్జిగ మొదట్లో బాగా పనికివచ్చాయి. మిరియాల చారు మంచిదని కొందరు సూచించారు గానీ, పచ్చి గాయం మీద కారమూ చింతపండు పులుపూ మండుతాయని వైద్యురాలు వారించడంతో, పెసరపప్పు అన్నాన్ని మెత్తగా మెదిపి నెయ్యి వేసి పెట్టాము.

నొప్పి రోజురోజుకూ తగ్గుతుందని ఆశించేవారు ఒకటి గమనించాలి: అది సాధారణంగా మొదటి వారంలోనే ఒకసారి పెరిగి, చెవుల్లోకి కూడా పాకుతుంది. గొంతుకూ చెవికీ ఒకే నాడి శాఖలు వెళ్లడమే ఇందుకు కారణం. ఆ దశలో పాప గుక్కెడు నీళ్లకు కూడా మొండికేసింది. అయితే గొంతు ఎండితే బాధ ఇంకా ఎక్కువవుతుంది కనుక, వైద్యురాలు రాసిన మందు వేసిన అరగంటకు తిండి పెట్టి, మధ్యమధ్య చెంచాతో నీళ్లు పట్టించాము. బతిమాలడం మా అత్తగారి వంతు.

గొంతులో కనిపించే తెల్లని పొర చీము కాదు, మానుతున్న గాయపు పైపొర. అది సుమారు 5 నుంచి 10 రోజుల మధ్య ఊడేటప్పుడు రక్తస్రావం జరిగే అవకాశం ఉంటుంది కాబట్టి, ఎర్రని రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రమ్మన్నారు. మాకు ఆ అవసరం రాలేదు. ఇప్పుడు ఇడ్లీ హాయిగా నములుతోంది. చక్కిలాలు మాత్రం వైద్యురాలు మరోసారి గొంతు చూశాకే.