ఎదుటి అభ్యర్థిని ఎగతాళి చేస్తే ఓట్లు పెరుగుతాయా?

ప్రశ్న (కల్వకుర్తి వాసి):
సర్పంచ్ ఎన్నికల్లో మేము బలపరుస్తున్న అభ్యర్థి కోసం కొందరు యువకులం కలిసి చిన్న వీడియోలు తీస్తున్నాము. ఒకదానిలో ప్రత్యర్థి ఇచ్చి మరచిన మంచినీటి ట్యాంకు హామీని పిట్టలదొర వేషంతో వెక్కిరించాము. మరొకదానిలో ఆయన నడకను, మాటతీరును అనుకరించాము. వాట్సాప్ గ్రూపుల్లో రెండవదే ఎక్కువగా తిరుగుతోంది, కానీ ఊరి పెద్దలు దాన్ని ఆపమంటున్నారు. ఎగతాళి నిజంగా ఓట్లు తెస్తుందా, లేక జనం నవ్వుకొని ఊరుకుంటారా?

జవాబు (నల్లగొండ పాఠకుడు):
మీ పెద్దల మాటలో పస ఉంది. ఊళ్లో ఆ అభ్యర్థికి బామ్మర్దులు, వియ్యంకులు, ఆయన వల్ల ఏదో ఒక మేలు పొందినవారు ఉంటారు. వారు గ్రూపులో నవ్వు బొమ్మ పెట్టి, బ్యాలెట్ పత్రం చేతికి రాగానే ఆయన గుర్తు మీదే ముద్ర వేస్తారు. నడక ఆయన చేసిన తప్పు కాదు కాబట్టి, దాన్ని వెక్కిరించినకొద్దీ ఆయన మీద జాలి పెరుగుతుంది. ట్యాంకు సంగతి వేరు, దానికి ఆయన జవాబు చెప్పవలసి ఉంటుంది. పిట్టలదొర ఖాకీ దుస్తులు, టోపీ, కట్టె తుపాకీతో వచ్చి ఎవరినీ తిట్టడు, తన గొప్పలే తాను కోస్తాడు. ఆ కోతలు ఏ నాయకుని మాటలను పోలి ఉన్నాయో చూసేవారే పోల్చుకుంటారు. బుర్రకథలోనూ ఒక వంతగాడు హాస్యం, మరొక వంతగాడు రాజకీయం చెప్పడం మనకు కొత్త కాదు. సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు వంటివారు గొల్లసుద్దులనే జానపద కళను ప్రచారానికి వాడుకున్నదీ మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే.

జవాబు (చండూరు నుండి):
ఎగతాళికి అంత బలం ఉందని నేను నమ్మను. 2022 మునుగోడు ఉపఎన్నికలో, 18 వేల కోట్ల రూపాయల కాంట్రాక్టు కోసమే బీజేపీ అభ్యర్థి పార్టీ మారారని ఆరోపిస్తూ, ఫోన్‌పే తెరను అనుకరించే ‘కాంట్రాక్ట్‌పే’ పోస్టర్లు మా చండూరులో రాత్రికి రాత్రే వెలిశాయి. ఊరంతా వాటి గురించే మాట్లాడుకున్నది. ఆయన సుమారు పది వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. అయితే ఆ ఓటమి పోస్టర్ల వల్లనే అని ఎలా చెప్పగలం? మరుసటి ఏడాది అదే అభ్యర్థి కాంగ్రెస్ తరఫున అదే స్థానంలో గెలిచారు. అంత ప్రచారం పొందిన వెక్కిరింత ఏడాదికే పని చేయకుండా పోయింది.

జవాబు (కొల్లాపూర్ ఓటరు):
ఇతరులను కాక తమ దుస్థితినే నవ్వుగా మలచినవారిని కూడా చూడాలి. డిగ్రీ చదివినా ఉద్యోగం రాక బర్రెలు కాస్తున్నానని వీడియో పెట్టిన శిరీష 2023లో మా దగ్గర స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి 5,754 ఓట్లు తెచ్చుకున్నారు. గెలవకపోయినా నిరుద్యోగం గురించి రాష్ట్రమంతా మాట్లాడుకునేలా చేశారు. 1996లో జల సాధన సమితి పిలుపుతో ఫ్లోరైడ్ బాధితులు మూకుమ్మడిగా నామినేషన్లు వేయగా, నల్లగొండ లోక్‌సభ బరిలో 480 మంది మిగిలారు, బ్యాలెట్ పుస్తకమంత అయ్యింది, పోలింగ్‌ను వాయిదా వేయవలసి వచ్చింది. ఏ ఒక్కరినీ వెక్కిరించకుండానే వ్యవస్థను నవ్వులపాలు చేసిన పని అది. గెలుపే లక్ష్యమైన మీకు ఆ దారి ఎంత పనికివస్తుందో చెప్పలేను.

జవాబు (మహబూబ్‌నగర్ న్యాయవాది):
ప్రవర్తనా నియమావళి ప్రకారం విమర్శ ప్రత్యర్థి విధానాలకు, గత పనితీరుకు పరిమితం కావాలి, వ్యక్తిగత జీవితం జోలికి పోరాదు. కరపత్రం వేస్తే ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు తప్పక ఉండాలి.

ప్రశ్నించినవారు:
నడక వీడియోను తీసివేస్తున్నాము. పిట్టలదొర వేషం కట్టే కళాకారునికి ఇచ్చే డబ్బు అభ్యర్థి ఖర్చులో రాయాలా?

మహబూబ్‌నగర్ న్యాయవాది:
అభ్యర్థి ప్రచారం కోసమే పిలుస్తున్నారు కాబట్టి రాయాలి. ఐదు వేల జనాభా మించని గ్రామంలో సర్పంచ్ అభ్యర్థికి పరిమితి 1.5 లక్షల రూపాయలు. కళాకారుని నుండి రసీదు తీసుకోండి.